ఫిఫా బ్యాడ్జ్ దాకా వెళ్లాలంటే: రిఫరీ కావాలనుకుంటున్న ఒక కుర్రాడికి సమాధానం

ప్రశ్న: "నాకు 20 ఏళ్లు. వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాను. యూనివర్సిటీ జట్టు దాకా ఫుట్‌బాల్ ఆడాను. ఆటగాడిగా ఇంకా పైకి వెళ్లలేనని అర్థమైంది. అంతర్జాతీయ రిఫరీ కావడానికి ఎన్నేళ్లు పడుతుంది? దీని మీద బతకొచ్చా? రూల్స్ అయితే నాకు అన్నీ వచ్చు."

మీ చివరి మాట దగ్గర మొదలుపెడతాను. రూల్స్ రాకపోతే మొదటి పరీక్షలోనే ఆగిపోతారు. కానీ అవి వచ్చినంత మాత్రాన ఎవరూ రిఫరీ కాలేరు. ఆట నియమాలు 17. వాటిని ఐఫాబ్ అనే బోర్డు రాస్తుంది, ఏటా ఏదో ఒకటి మారుస్తుంది. ఉదాహరణకు గోల్‌కీపర్ బంతిని చేతుల్లో 6 సెకన్లకు మించి పట్టుకుంటే ప్రత్యర్థికి ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ ఇవ్వాలని పాత నియమం. దాన్ని ఎవరూ సరిగ్గా అమలు చేయలేదు. 2025-26 సీజన్ నుంచి 8 సెకన్లు దాటితే కార్నర్ అన్నారు. చివరి 5 సెకన్లు రిఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్కపెట్టి చూపించాలి. ఏడాది పాటు పుస్తకం తెరవకపోతే మీకు తెలిసినవాటిలో కొన్ని పాతబడిపోతాయి.

నేను చాలా ఏళ్లు రాష్ట్ర, జాతీయ స్థాయి మ్యాచ్‌లకు రిఫరీగా చేశాను. ఇప్పుడు కుర్రాళ్ల మ్యాచ్‌లు చూసి మార్కులు వేసే అసెసర్ పని చేస్తున్నాను. ఈ కింద చెప్పేవి ఆ రెండు వైపుల నుంచీ చూసినవి.

ముందు వయసు లెక్క చూద్దాం. ఫిఫా జాబితాలో రిఫరీగా చేరాలంటే కనీసం 25 ఏళ్లు ఉండాలి, పక్క గీత మీద జెండాతో ఉండే అసిస్టెంట్ రిఫరీకైతే 23. అంతకుముందే మీ దేశంలోని టాప్ డివిజన్ మ్యాచ్‌లు క్రమం తప్పకుండా చేస్తూ ఉండాలి. ఏటా మన ఫెడరేషన్ పేర్లు పంపుతుంది, ఫిఫా ఆమోదిస్తుంది. ఆ జాబితా జనవరి 1 నుంచి డిసెంబర్ 31 వరకే చెల్లుతుంది. చొక్కా మీద కుట్టించుకునే బ్యాడ్జ్ మీద ఆ సంవత్సరం వేసి ఉంటుంది. మరుసటి ఏడాది మళ్లీ ఫిట్‌నెస్ టెస్ట్, మళ్లీ పరీక్ష, మళ్లీ పేరు వెళ్లాలి. "ఒకసారి అంతర్జాతీయ రిఫరీ అయిపోతే చాలు" అనే మాట ఈ రంగంలో లేదు. ఏటా కొత్తగా సంపాదించుకోవాల్సిన స్థానం అది. మీరు ముందుగా మనసుకు పట్టించుకోవాల్సింది ఇదే.

మన దగ్గర జిల్లా లేదా రాష్ట్ర సంఘం పెట్టే ప్రవేశ పరీక్షతో మొదలవుతుంది. ఆ తర్వాత కేటగిరీలు. అంకె తగ్గుతూ కేటగిరీ-1కి వస్తే జాతీయ రిఫరీ అయినట్టు. 20 ఏళ్లకు మొదలుపెట్టి ఎక్కడా ఆగకుండా వెళ్తే 25, 26కు జాతీయ స్థాయిలో నిలదొక్కుకుంటారు. ఫిఫా బ్యాడ్జ్ 30 దగ్గర్లో వస్తే అది మంచి వేగమే. గాయమైనా, ఉద్యోగం మారినా, ఒక సీజన్ సరిగ్గా జరగకపోయినా రెండేళ్లు వెనక్కి పోతారు.

ఈ కాలం ఎంత పొడవో తెలియాలంటే పియర్‌లుయిజీ కొలీనా గురించి తెలుసుకోండి. గుండు, పెద్ద పెద్ద కళ్లు, ఆ ఫొటో మీరు చూసే ఉంటారు. ఇటలీలోని బొలోన్యాలో 1960లో పుట్టాడు. 1977లో, 17 ఏళ్ల వయసులో, స్థానిక రిఫరీ కోర్సులో చేరాడు. ఒక పక్క మ్యాచ్‌లు చేస్తూనే అదే ఊరి యూనివర్సిటీలో ఎకనామిక్స్ డిగ్రీ పూర్తిచేశాడు, ఆ తర్వాత ఆర్థిక సలహాదారుగా పనిచేశాడు. ఫిఫా జాబితాలోకి వచ్చింది 1995లో. అంటే 18 ఏళ్లు పట్టింది. ఆ తర్వాత బండి వేగంగా కదిలింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో నైజీరియా, అర్జెంటీనా ఫైనల్, 1999లో బార్సిలోనాలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, 2002లో యోకోహామాలో బ్రెజిల్, జర్మనీల ప్రపంచకప్ ఫైనల్. మొదటి కోర్సు నుంచి ప్రపంచకప్ ఫైనల్‌కు పాతికేళ్లు. అందరూ గుర్తుపెట్టుకునేది చివరి ఏడేళ్లనే. ఆ ఏడేళ్లను నిలబెట్టింది ఎవరూ చూడని ముందటి 18 ఏళ్లు.

కొలీనాలో నాకు బాగా నచ్చేది ఆయన మ్యాచ్‌కు సిద్ధమయ్యే తీరు. రెండు జట్లూ ఎలా ఆడతాయి, కార్నర్ వచ్చినప్పుడు ఎవరు ఎక్కడ నిలబడతారు, ఏ డిఫెండర్ చొక్కా లాగుతాడు, ఏ ఫార్వర్డ్ త్వరగా పడిపోతాడు అని ముందే చదువుకుని వెళ్లేవాడు. ఒక జట్టు పొడవాటి పాసులతో ఆడుతుందని ముందే తెలిసిన రిఫరీ బంతి గాల్లోకి లేవకముందే అటు కదులుతాడు. తెలియనివాడు బంతి వెనకాల పరుగెత్తి, ఫౌల్ జరిగేసరికి 40 మీటర్ల దూరంలో ఉంటాడు. నిర్ణయం తప్పయిందని జనం అంటారు. నేను అసెసర్‌గా చూసినంతలో చాలా తప్పులకు కారణం కళ్లు కాదు, నిలబడ్డ చోటు. ముందు అక్కడికి చేరుకోవాలి, ఆ తర్వాతే చూడటం.

1999 ఫైనల్ మీకు వీలైతే మళ్లీ చూడండి. 90 నిమిషాలు అయ్యాక రిఫరీ కలిపే ఇంజురీ టైమ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ రెండు గోల్స్ కొట్టింది. ప్రత్యర్థి బయర్న్ మ్యూనిక్ ఆటగాళ్లు మైదానంలోనే కూలబడిపోయారు. ఇంకా కొన్ని సెకన్ల ఆట మిగిలి ఉంది. కొలీనా వెళ్లి వాళ్లను చేయి పట్టి లేపుతాడు. నియమాల పుస్తకంలో ఆ పని ఎక్కడా లేదు. మనుషులను నడిపించడం అంటే నా దృష్టిలో అదే. కార్డు చూపించడం తేలిక. ఓడిపోతున్న వాణ్ణి లేపి మళ్లీ ఆడించడానికి వేరే గుణం కావాలి.

ఇక ఒంటి సంగతి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఫిఫా స్థాయి పురుష రిఫరీల టెస్ట్ రెండు భాగాలు. మొదటిది 40 మీటర్ల స్ప్రింట్, ఆరుసార్లు, ఒక్కోటి 6 సెకన్లలోపు, మధ్యలో ఒక్క నిమిషం విరామం. ఒకటి తప్పితే ఏడోసారి పరుగెత్తనిస్తారు, రెండు తప్పితే ఇంటికే. కాస్త విశ్రాంతి ఇచ్చాక రెండో భాగం. 75 మీటర్లు 15 సెకన్లలో పరుగు, 25 మీటర్లు 18 సెకన్లలో నడక, ఇలా 40 సార్లు. అంటే ట్రాక్ మీద 10 రౌండ్లు, 4 కిలోమీటర్లు. అసిస్టెంట్ రిఫరీలకు వేరే టెస్ట్ ఉంటుంది, అందులో పక్కకు అడుగులు వేస్తూ దిశ మార్చే పరుగు కూడా ఉంటుంది, ఎందుకంటే లైన్ మీద వాళ్లు చేసేది అదే. మ్యాచ్‌లో రిఫరీ 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. పైగా ఊపిరి అందని స్థితిలోనే నిర్ణయం తీసుకోవాలి.

యూనివర్సిటీ దాకా ఆడిన కుర్రాళ్లు ఈ టెస్ట్‌ను తక్కువగా అంచనా వేస్తారు. 20 ఏళ్లకు ఇది పాసవడం పెద్ద విషయం కాదు. 38 ఏళ్లకు, రోజూ ఎనిమిది గంటలు ఉద్యోగం చేస్తూ పాసవడం అసలు విషయం. కాబట్టి ఇప్పటి నుంచే వారానికి నాలుగు రోజులు శిక్షణ అలవాటు చేసుకోండి. తొడ వెనక కండరం, పిక్క, మడమ, ఈ మూడింటినీ జాగ్రత్తగా చూసుకోండి. పెద్ద గాయాలకంటే, పూర్తిగా తగ్గకముందే మళ్లీ దిగడం వల్లే ఎక్కువమంది కెరీర్లు ముగిశాయి.

ఎక్కువ టెన్షన్ ఉండేది పెద్ద స్టేడియంలో అనుకుంటున్నారేమో. కాదు. ఇంటర్ డిస్ట్రిక్ట్ టోర్నమెంట్‌లో, అసిస్టెంట్లు కొత్తవాళ్లు, గీతలు సరిగ్గా కనపడవు, జనం లైన్ దాకా వచ్చి నిలబడతారు, పోలీసు ఉండడు. అక్కడ 88వ నిమిషంలో ఆతిథ్య జట్టు మీద పెనాల్టీ ఇవ్వగలిగినవాడు గచ్చిబౌలిలో ఫ్లడ్‌లైట్ల కింద కూడా ఇవ్వగలడు. అందుకే చిన్న మ్యాచ్ వద్దనకండి. అండర్-14 అయినా, కాలేజీ టోర్నీ అయినా, పండగ రోజుల్లో ఊళ్లో పెట్టే, జట్టుకు ఏడుగురు ఆడే సెవెన్స్ అయినా ఒప్పుకోండి. మ్యాచ్ అయ్యాక అసెసర్ ఉంటే ఆయన దగ్గరికి మీరే వెళ్లండి. "మార్కులు ఎన్ని" అని అడగొద్దు. "63వ నిమిషంలో ఆ ఫౌల్‌కు నేను ఎక్కడ నిలబడి ఉండాలి" అని అడగండి. అలా అడిగే కుర్రాడి పేరు ఏ అసెసరైనా గుర్తుపెట్టుకుంటాడు. నేను గుర్తుపెట్టుకుంటాను.

పెద్ద స్థాయిలో ఒక చిన్న పొరపాటు ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి గ్రాహమ్ పోల్ ఉదంతం చాలు. ఇంగ్లండ్ రిఫరీ. 2006 ప్రపంచకప్ ఫైనల్‌కు ఆయన పేరు గట్టిగా వినిపిస్తున్న రోజులు. జూన్ 22న స్టుట్‌గార్ట్‌లో క్రొయేషియా, ఆస్ట్రేలియా మ్యాచ్. క్రొయేషియా డిఫెండర్ యోసిప్ షిమునిచ్‌కు 61వ నిమిషంలో ఎల్లో కార్డు. 90వ నిమిషంలో రెండోది. రెండో ఎల్లోతో రెడ్ చూపించి బయటికి పంపాలి, పంపలేదు. ఆట ముగిశాక వాదనకు దిగినందుకు మూడో ఎల్లో చూపించి, అప్పుడు రెడ్ తీశాడు. ఏం జరిగిందంటే, ఒక కార్డును పోల్ ఆస్ట్రేలియా 3వ నంబర్ ఎదురుగా రాసుకున్నాడు. షిమునిచ్ చొక్కా నంబర్ కూడా 3. పైగా అతను ఆస్ట్రేలియాలో పుట్టి పెరిగినవాడు, మాట్లాడే ఇంగ్లిష్ యాసా అదే. ఇద్దరు అసిస్టెంట్లూ, మైదానం బయట ఉండే నాలుగో రిఫరీ కూడా పట్టుకోలేకపోయారు. ఆ తర్వాత పోల్ పెద్ద అంతర్జాతీయ టోర్నమెంట్లకు దూరమయ్యాడు. అన్నేళ్ల మంచి పని ఉన్నా జనానికి ఆయన పేరుతో గుర్తున్నది ఆ మూడు కార్డులే. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అందుకే కార్డు చూపించే ముందు జట్టు, నంబర్, నిమిషం రాసుకోవడం, రాసింది అసిస్టెంట్‌తో సరిచూసుకోవడం అండర్-14 మ్యాచ్‌లో కూడా వదలొద్దని నేను ప్రతి కుర్రాడికీ చెబుతాను.

అదే టోర్నమెంట్ ఫైనల్లో దీనికి పూర్తి భిన్నమైన సంగతి జరిగింది. బెర్లిన్‌లో ఇటలీ, ఫ్రాన్స్ ఆడుతున్నాయి. 110వ నిమిషంలో బంతికి దూరంగా ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్, ఇటలీ ఆటగాడు మాటెరాజీ ఛాతీ మీద తలతో కొట్టాడు. రిఫరీ ఒరాసియో ఎలిసోండో చూడలేదు, అసిస్టెంట్లూ చూడలేదు. నాలుగో రిఫరీ లూయిస్ మెదీనా కాంటలేహో చూశాడు, హెడ్‌సెట్‌లో చెప్పాడు. ఎలిసోండో వచ్చి రెడ్ కార్డు చూపించాడు. ప్రపంచంలోనే గొప్ప ఆటగాడు, అతని చివరి మ్యాచ్, అదీ ప్రపంచకప్ ఫైనల్. తను చూడని సంఘటన మీద సహచరుడి మాటను నమ్మి ఆ పని చేయాలంటే ఆ జట్టులో ఎంత నమ్మకం ఉండాలో ఆలోచించండి. రిఫరీలు కూడా ఒక జట్టే. మంచి అసిస్టెంట్లతో స్నేహంగా ఉండండి. వాళ్లు మీకు నచ్చని మాట చెప్పినప్పుడు వినండి.

వీఏఆర్, అంటే వీడియో చూసి పెద్ద తప్పులను రిఫరీకి చెప్పే పద్ధతి, వచ్చాక ఇదంతా తేలికైపోయిందని కొందరు అంటారు. 2018 ప్రపంచకప్ నుంచి అది పెద్ద స్థాయిలో ఉంది, నిజమే. పెద్ద తప్పులు కొన్ని తగ్గాయి. కానీ స్క్రీన్ దగ్గరికి వెళ్లి, 80 వేలమంది చూస్తుండగా తన నిర్ణయాన్ని తనే మార్చుకుని మళ్లీ ఆటను అదుపులో పెట్టడం కొత్త పరీక్ష. వీఏఆర్ సరిచేయలేనివి కూడా చాలానే. 2022 ఫైనల్ చేసిన పోలండ్ రిఫరీ షిమోన్ మార్చినియాక్, ఫ్రాన్స్ ఎదురుదాడికి వెళ్తున్నప్పుడు అడ్వాంటేజ్ ఇవ్వకుండా, అంటే ఫౌల్ జరిగినా ఆటను సాగనివ్వకుండా, విజిల్ వేసి ఆపేశానని ఆ తర్వాత తనే చెప్పాడు. అంత గొప్పగా నడిపిన మ్యాచ్‌లో కూడా అది ఆయన మనసులో మిగిలింది. అన్నట్టు, గుండె వేగంగా కొట్టుకునే సమస్య వల్ల ఆయన అంతకు ముందటేడు యూరో టోర్నమెంట్‌కు వెళ్లలేకపోయాడు. ఏడాదిన్నరలో ప్రపంచకప్ ఫైనల్ దాకా వచ్చాడు.

డబ్బు సంగతి నేరుగా చెబుతాను. ఇంగ్లండ్‌లో 2001 నుంచి పై స్థాయి రిఫరీలకు ఇది పూర్తికాలపు వృత్తి. మన దగ్గర చాలామందికి మ్యాచ్ ఫీజు, రోజువారీ భత్యం, ప్రయాణం, బస, అంతే. కింది స్థాయిలో వచ్చేది బూట్లకు, బస్ ఛార్జీలకు సరిపోతే అదృష్టం. కాబట్టి "దీని మీద బతకొచ్చా" అంటే, మొదటి పదేళ్లు బతకలేరు. ఉద్యోగం ఉండాలి. ఇది మన దేశానికే ఉన్న లోటు కూడా కాదు. 2010లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, ప్రపంచకప్ ఫైనల్ రెండూ చేసిన హవర్డ్ వెబ్ పోలీసు సార్జెంటుగా పనిచేసినవాడు. ఎలిసోండో వ్యాయామ ఉపాధ్యాయుడు. నెదర్లాండ్స్ రిఫరీ బ్యోర్న్ కైపర్స్‌కు సూపర్ మార్కెట్ వ్యాపారం. మీకు నా సలహా, డిగ్రీ అయ్యాక బీపీఎడ్ చేసి పీఈటీ ఉద్యోగానికి ప్రయత్నించండి, లేదా రైల్వే, పోలీసు లాంటి క్రీడలకు సెలవిచ్చే శాఖల్లో చూడండి. మ్యాచ్ నియామకం ఒక్కోసారి వారం ముందే వస్తుంది. ఆ వారం సెలవు ఇచ్చే పై అధికారి లేకపోతే ఎంత ప్రతిభ ఉన్నా ఉపయోగం లేదు. అప్పు చేసి మాత్రం ఈ దారిలోకి రావద్దు.

ఇంకో భయం కూడా ఉంది, దాచను. బెదిరింపులు. స్వీడన్‌కు చెందిన ఆండెర్స్ ఫ్రిస్క్ 2005లో బార్సిలోనా, చెల్సీ మ్యాచ్ తర్వాత వచ్చిన బెదిరింపులతో విజిల్ పక్కన పెట్టేశాడు. కుటుంబానికి భయం ఉంటే ఏ కెరీర్ అయినా అనవసరం అనుకున్నాడు, నేను తప్పుపట్టను. మన మ్యాచ్‌ల్లో ఎవరైనా మీ మీద చెయ్యి చేసుకుంటే సర్దుకుపోవద్దు. మ్యాచ్ రిపోర్టులో రాయండి. పెద్దమనుషులు వచ్చి "పోనీలే" అన్నా రాయండి. మీరు రాయకపోతే మీ తర్వాత వచ్చే కుర్రాడు దెబ్బలు తింటాడు.

మన వైపు నుంచి ఎవరైనా వెళ్లారా అని మీరు అడగలేదు కానీ తప్పకుండా చెప్పాలి. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ షాహిద్ హకీమ్. గొప్ప కోచ్ రహీమ్ సాబ్ కొడుకు. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, ఎయిర్‌ఫోర్స్‌లో స్క్వాడ్రన్ లీడర్‌గా చేశారు, ఆ తర్వాత ఫిఫా రిఫరీ అయి 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో మ్యాచ్‌లు నడిపారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. 2021లో పోయారు. మన కుర్రాళ్లకు రహీమ్ సాబ్ పేరైనా తెలుసు, హకీమ్ సాబ్ రిఫరీ అని చాలామందికి తెలియదు. తెలియాలి.

చెన్నైకి చెందిన కోమలీశ్వరన్ శంకర్ 2002 ప్రపంచకప్‌లో అసిస్టెంట్ రిఫరీగా జెండా పట్టారు. మన దేశం నుంచి ఆ స్థాయికి వెళ్లిన మొదటి వ్యక్తి. గోవాకు చెందిన ఉవేనా ఫెర్నాండెజ్ 2016లో జోర్డాన్‌లో అండర్-17 మహిళల ప్రపంచకప్‌లో చేశారు. ఇద్దరూ అసిస్టెంట్లే, గమనించండి. లైన్ మీద పనిని తక్కువగా చూసి "నాకు మధ్యలో విజిలే కావాలి" అని పట్టుబట్టే కుర్రాళ్లు చాలామంది. ఫిఫాకు రిఫరీల జాబితా వేరు, అసిస్టెంట్ల జాబితా వేరు, వీడియో రిఫరీలకూ ఫుట్‌సాల్‌కూ ఇంకా వేరే జాబితాలు. మీకు ఏది సరిపోతుందో రెండు మూడేళ్లు రెండూ చేశాక తేల్చుకోండి. ఆఫ్‌సైడ్ లైన్‌ను సరిగ్గా పట్టే కన్ను అందరికీ ఉండదు.

మీ స్నేహితుల్లో, చెల్లెళ్లలో ఆడే అమ్మాయిలు ఉంటే వాళ్లకూ చెప్పండి. 2022 ప్రపంచకప్‌లో కోస్టారికా, జర్మనీ మ్యాచ్‌ను ఫ్రాన్స్‌కు చెందిన స్టెఫానీ ఫ్రాపార్, ఇద్దరు మహిళా అసిస్టెంట్లతో కలిసి నడిపింది. పురుషుల ప్రపంచకప్‌లో అది మొదటిసారి. మన రెండు రాష్ట్రాల్లోనూ మహిళా రిఫరీలు చాలా తక్కువ. ఇప్పుడు వచ్చే అమ్మాయికి మ్యాచ్‌లు త్వరగా దొరుకుతాయి.

ఆసియా నుంచి పైకి వెళ్లలేమన్న మాట కూడా నమ్మకండి. ప్రపంచకప్‌ల్లో మొత్తం 11 మ్యాచ్‌లు నడిపిన రవ్షన్ ఇర్మతోవ్ ఉజ్బెకిస్తాన్‌వాడు. ఆయన దేశం అప్పటికి ఒక్క ప్రపంచకప్ కూడా ఆడలేదు.

ఈ ఏడాది మీరు చేయాల్సింది ఇది. తెలంగాణ ఫుట్‌బాల్ అసోసియేషన్‌ను గానీ మీ జిల్లా సంఘాన్ని గానీ అడిగి తర్వాతి రిఫరీ ప్రవేశ పరీక్ష ఎప్పుడో కనుక్కోండి. ఐఫాబ్ వెబ్‌సైట్‌లో నియమాల పుస్తకం ఉచితంగా దొరుకుతుంది, రోజుకు ఒక నియమం చొప్పున, ఉదాహరణలతో సహా చదవండి. ఇంగ్లిష్ మాట్లాడటం మీద పని చేయండి. ఫిఫా స్థాయిలో రిపోర్టులూ, సెమినార్లూ, హెడ్‌సెట్‌లో మాటలూ అన్నీ అందులోనే. హైదరాబాద్‌లో పెద్ద మ్యాచ్ ఉంటే ఒకసారి వెళ్లి, బంతిని వదిలేసి 90 నిమిషాలూ రిఫరీ కాళ్లనే చూడండి. ఎప్పుడు పరుగెత్తాడు, ఎప్పుడు ఆగాడు, ఏ కోణంలో తిరిగాడో కాగితం మీద గీసుకోండి. మొదటి మ్యాచ్‌కు వెళ్లేటప్పుడు రెండు విజిళ్లు, రెండు వాచీలు, రెండు పెన్నులు పెట్టుకోండి. పరీక్ష పాసయ్యాక ఇక్కడ రాయండి. మీ మొదటి మ్యాచ్ వీడియో ఎవరైనా ఫోన్లో తీసి ఉంటే పంపండి, ఎక్కడ నిలబడాలో నిమిషం నిమిషం చూసి చెబుతాను.